పుట్టుక ఇచ్చిన ఆసనం, పుట్టుకపై వాదన

2016 ఏప్రిల్‌లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు ఒక ఉప ఎన్నిక జరిగింది. అభ్యర్థులు ఏడుగురు. ఓటర్లు ముగ్గురు. ఆ ముగ్గురూ ఒక్కరికే ఓటు వేయగా వైకౌంట్ థర్సో ఎన్నికయ్యారు. ఓటర్లూ అభ్యర్థులూ అందరూ వంశపారంపర్య ప్రభువులే. లిబరల్ డెమొక్రాట్ పార్టీకి ఆ వర్గపు సభ్యులు సభలో ముగ్గురే మిగిలారు కనుక ఓటర్ల జాబితా అక్కడితో ముగిసింది. ఈ తంతును అప్పట్లో బ్రిటిష్ పత్రికలే వెక్కిరించాయి. ఆ వెక్కిరింపు సబబైనదే. అయితే ఆ ఆసనం ఎవరి మరణంతో ఖాళీ అయిందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 14న కన్నుమూసిన ఎరిక్ లబ్బక్, అంటే నాలుగో బ్యారన్ ఏవ్‌బరీ, నాలుగున్నర దశాబ్దాలు కూర్చున్న ఆసనం అది. బ్రిటన్ సమానత్వ చట్టంలో ‘కులం’ అనే మాట ఈనాడు ఉందంటే, అందుకు సభలో పట్టుబట్టినవారిలో ఆయన ముందు వరుసలో ఉంటారు.

కుల సమస్య గురించి రాసేవారికీ చదివేవారికీ ఈ మనిషి కొంత ఇబ్బందికరమైన ఉదాహరణ. పుట్టుకను బట్టి మనిషి స్థాయిని నిర్ణయించేది కులం. పుట్టుకను బట్టి శాసనం చేసే అధికారాన్ని అప్పగించేది వంశపారంపర్య ప్రభుపదవి. రెండో దాని ఫలం అనుభవిస్తూ మొదటి దానిపై పోరాడిన మనిషిని ఏ లెక్కలో వేయాలి? ఆయన చేసినదంతా పై మెట్టు మీద నిలబడినవారి జాలి అని కొట్టిపారేయడం సులువు. ప్రజలు ఎన్నుకోని సభే పీడితులకు మేలు చేసిందని చంకలు గుద్దుకోవడం ఇంకా సులువు, ఇంకా ప్రమాదకరం. ఆయన పాల్గొన్న చర్చల చరిత్రను నిదానంగా పరిశీలిస్తే ఈ రెండు తీర్పులూ నిలవవని నా అభిప్రాయం.

ముందుగా ఆ వంశం సంగతి. మన దగ్గర పోటీ పరీక్షలకు చదివే ప్రతి విద్యార్థీ పాతరాతి యుగం, కొత్తరాతి యుగం అనే మాటలను కంఠస్థం చేస్తాడు. ఇంగ్లీషులో ఆ రెండు యుగాలకూ పేర్లు పెట్టింది జాన్ లబ్బక్, 1865లో. ఆయనే మొదటి బ్యారన్ ఏవ్‌బరీ, మన ఎరిక్‌కు స్వయానా తాత. బ్యాంకు యజమాని, పార్లమెంటు సభ్యుడు, చార్లెస్ డార్విన్‌కు పొరుగువాడూ మిత్రుడూ. 1871లో బ్యాంకు సెలవుల చట్టాన్ని తెచ్చింది ఆయనే. విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీ గ్రామంలో ఉన్న ప్రాచీన శిలావలయం ధ్వంసం కాకుండా అక్కడి భూమిని కొని కాపాడారు. బిరుదుకు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. ఆయన విద్వత్తుకు ఇంకో ముఖం కూడా ఉంది. తన గ్రంథాల్లో ఆయన భూమ్మీది మానవ సమాజాలను అనాగరికం నుంచి నాగరికం దాకా మెట్ల వరుసగా పేర్చారు. పై మెట్టు మీద ఎవరున్నారో వేరే చెప్పనక్కర్లేదు. అదే 1871లో బ్రిటిష్ ఇండియాలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. కొన్ని తెగల్లో పుట్టడమే నేరానికి రుజువైంది. దరిమిలా ఆ విధానం మద్రాసు రాష్ట్రానికీ పాకి, ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో కూర్చింది. సెలవుల చట్టానికీ తెగల చట్టానికీ నేరుగా ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. జన్మను బట్టి మనుషులను వర్గీకరించడం ఆనాటి పాలక వర్గానికి ఊపిరి పీల్చినంత సహజంగా ఉండేదని మాత్రమే చెబుతున్నాను. అలాంటి ఇంటి మనవడు ఎటు నడిచాడన్నది అందుకే చూడదగిన విషయం.

ఎరిక్ లబ్బక్ వృత్తిరీత్యా ఇంజనీరు. 1962 మార్చిలో లండన్ శివారు ఆర్పింగ్టన్ ఉప ఎన్నికలో లిబరల్ అభ్యర్థిగా నిలబడి, కన్సర్వేటివ్‌ల కంచుకోటను 7,855 ఓట్ల ఆధిక్యంతో బద్దలు కొట్టారు. ఎనిమిదేళ్లు కామన్స్ సభలో ఉన్నారు. 1970 ఎన్నికల్లో ఓడిపోయారు. మరుసటి ఏడాది దగ్గరి బంధువైన మూడో బ్యారన్ మరణించడంతో బిరుదు ఆయనకు సంక్రమించింది. ఓటర్లు బయటికి పంపిన మనిషిని వంశం వేరే తలుపు గుండా పార్లమెంటులోకి తెచ్చి కూర్చోబెట్టిందన్న మాట. 1963 నాటి పీరేజ్ చట్టం ప్రకారం ఆ బిరుదును వదులుకునే వీలుంది. లేబర్ నాయకుడు టోనీ బెన్ అలాగే వదులుకుని కామన్స్‌కు తిరిగి వెళ్లారు. ఏవ్‌బరీ వదులుకోలేదు. సూత్రం దృష్ట్యా బెన్ దారే నాకు గౌరవప్రదంగా కనిపిస్తుంది. అయినా రెండో దారిలో జరిగిన పనిని తూకం వేయకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

కామన్స్‌లో ఉన్నప్పుడు ఆయన సొంతంగా ప్రతిపాదించి నెగ్గించుకున్న శాసనం 1968 నాటి క్యారవాన్ సైట్స్ చట్టం. జిప్సీలు, ఇతర సంచార కుటుంబాలు తమ బండ్లు నిలుపుకోవడానికి స్థలాలు కల్పించే బాధ్యతను ఆ చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. రోమానీల భాష మన ఉత్తరాది భాషల కుదురుకే చెందినదని భాషాశాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. యూరప్‌లో వారి బతుకు మన సంచార జాతుల బతుకుకు దూరమేమీ కాదు. ఊరి పొలిమేరల్లో ఎక్కడ ఆగినా తరిమివేత. చట్టం ‘బాధ్యత’ అని చెప్పినా చాలా కౌన్సిళ్లు ఏళ్ల తరబడి స్థలాలు చూపలేదు. చివరికి 1994లో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆ బాధ్యతనే రద్దు చేసింది. అప్పటికి ఏవ్‌బరీ లార్డ్స్‌లో ఉన్నారు. జిప్సీల స్థలాల ప్రశ్నను ఆయన మరణించేదాకా ఆ సభలో వదలలేదు. చట్టం ఒక పని చేసి తీరాలని అధికారులను ఆదేశిస్తుంది, అధికారులు చేయరు, కొన్నేళ్లకు చట్టాన్నే తీసేస్తారు. ఈ క్రమాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కులం విషయంలోనూ ఇదే ఎదురవుతుంది.

ఇక లార్డ్స్‌లో ఆయన లేవనెత్తిన అంశాలు చాలా విస్తారం. 1976లో పార్లమెంటరీ హ్యూమన్ రైట్స్ గ్రూపును స్థాపించి రెండు దశాబ్దాలకు పైగా నడిపారు. శరణార్థులు, ఖైదీలు, పౌరసత్వ నిబంధనల సందుల్లో పడి ఏ దేశానికీ చెందకుండా పోయినవారు ఆయన ప్రశ్నలకు ముడిసరుకు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండ ప్రాంతాల ఆదివాసుల కోసం ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌కు సహాధ్యక్షులుగా పనిచేశారు. దైవదూషణను నేరంగా పరిగణించే పాత చట్టాన్ని తొలగించాలని 2002లో సొంతంగా బిల్లు పెట్టారు. 2008లో ఆ నేరం రద్దయింది. ఆయన బౌద్ధాన్ని స్వీకరించారు. జైళ్లలోని బౌద్ధ ఖైదీలకు తోడుండే అంగులిమాల అనే సంస్థకు పోషకులుగా ఉన్నారు.

1999లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం వంశపారంపర్య ప్రభువులను లార్డ్స్ నుంచి సాగనంపింది. ఆరు వందల మందికి పైగా ఒక్క దెబ్బతో వెళ్లిపోయారు. రాజీలో భాగంగా 92 ఆసనాలు మాత్రం మిగిల్చారు. వాటిలో రెండు రాచరిక ఉత్సవ పదవులవి. మిగతా 90 మందిని తోటి ప్రభువులే ఎన్నుకున్నారు. అలా మిగిలినవారిలో ఏవ్‌బరీ ఒకరు. కులంపై చర్చ జరిగేనాటికి ఆయన ఆ వింత ఏర్పాటు కింద సభలో ఉన్నారు.

అప్పటికి కులం బ్రిటన్‌కు కొత్త సంగతి కాదు. పంజాబ్ నుంచి వలస వెళ్లిన రవిదాసీలు, వాల్మీకులు, అంబేడ్కర్‌వాదులు సౌతాల్, బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్, బెడ్‌ఫర్డ్ వంటి చోట్ల దశాబ్దాలుగా తమ సొంత గురుద్వారాలు, మందిరాలు, సంఘాలు కట్టుకున్నారు. వేరుగా ఎందుకు కట్టుకోవలసి వచ్చిందో మనకు వివరించనక్కర్లేదు. క్యాస్ట్‌వాచ్ యూకే, దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్, యాంటీ క్యాస్ట్ డిస్క్రిమినేషన్ అలయన్స్ వంటి సంస్థలు పని స్థలాల్లో, బళ్లలో, సేవా కేంద్రాల్లో జరుగుతున్న అవమానాలను నమోదు చేస్తూ వచ్చాయి. లార్డ్ ఏవ్‌బరీ గురించి మాట్లాడేటప్పుడు ఈ వరుస తారుమారు కాకూడదు. సాక్ష్యం కూడగట్టింది, సభ్యుల గదుల తలుపులు తట్టింది, ముసాయిదాలు మోసుకెళ్లింది వారు. ఆ సాక్ష్యాన్ని సభా వివరాల్లోకి ఎక్కించే నోరు ఆయనది.

2010 జనవరిలో సమానత్వ బిల్లు లార్డ్స్ ముందుకు వచ్చినప్పుడు, జాతి నిర్వచనంలో కులాన్ని చేర్చాలని ఏవ్‌బరీ సవరణ ప్రతిపాదించారు. బ్రిటిష్ చట్టంలో జాతి అంటే రంగు, జాతీయత, జన్మదేశం, తెగ మూలం. ఈ నాలుగింటిలో కులం ఎక్కడ ఇముడుతుంది? 1983లో ఒక సిక్కు విద్యార్థి తలపాగా కేసులో సిక్కులు కూడా ఒక జాతి సమూహమేనని ఇదే లార్డ్స్ సభకు చెందిన న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. దాంతో సిక్కుకు బయటివాడి నుంచి రక్షణ దొరికింది. కానీ ఒక సిక్కు మరో సిక్కును అంటరానివాడిగా చూస్తే? ఇద్దరిదీ ఒకే రంగు, ఒకే మతం, ఒకే జిల్లా. అక్కడ చట్టానికి కళ్లు లేవు. సవరణ వెనుక ఉన్న ఇబ్బంది ఇదే.

అప్పటి లేబర్ ప్రభుత్వం ఆధారాలు చాలవని మొదట నసిగింది. చర్చలు సాగి సాగి మధ్యేమార్గం కుదిరింది. కులాన్ని జాతి నిర్వచనంలో భాగంగా చేరుస్తూ మంత్రి ఉత్తర్వు ‘ఇవ్వవచ్చు’ అన్న అధికారాన్ని తొమ్మిదో సెక్షన్‌లో పొందుపరిచారు. 2010 ఏప్రిల్ 8న చట్టానికి రాజముద్ర పడింది. ఆధారాల కోసం ప్రభుత్వమే ఒక జాతీయ పరిశోధన సంస్థకు అధ్యయనం అప్పగించింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన నివేదిక చట్టం పరిధిలోకి వచ్చే రంగాల్లోనే, అంటే ఉద్యోగాల్లో, సేవల్లో, చదువుల్లో, కుల వివక్షకూ వేధింపులకూ ఆధారాలున్నాయని చెప్పింది. బ్రిటన్‌లో అణగారిన కులాల జనాభాపై అందుబాటులో ఉన్న అంచనాలు 50 వేల నుంచి రెండు లక్షల దాకా ఉన్నాయని కూడా పేర్కొంది. మరుసటి ఏడాది ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ కూడా ఆ అధికారాన్ని వినియోగించమని బ్రిటన్‌కు సూచించింది. అయినా మంత్రి ‘ఇవ్వవచ్చు’ కనుక ఇవ్వలేదు.

అందుకే 2013 చర్చ ఒకే క్రియాపదం మీద జరిగింది. ఆక్స్‌ఫర్డ్ మాజీ బిషప్ లార్డ్ హారీస్, వ్యాపార నియంత్రణలకు సంబంధించిన మరో బిల్లుకు సవరణ తెచ్చారు. ఏవ్‌బరీ ఆయనకు దన్నుగా నిలిచారు. అప్పుడు అధికారంలో ఉన్న సంకీర్ణంలో ఆయన సొంత పార్టీ భాగస్వామి అన్నది మరువరాదు. చట్టం వద్దు, సమాజాల్లో అవగాహన పెంచే కార్యక్రమం చాలు అన్నది ప్రభుత్వ వాదన. అంటరానితనంపై అవగాహన సదస్సులు ఎన్ని చూశామో తెలిసిన మనకు ఈ వాదన ఎంతో పాత పరిచయస్థుడిలా తోస్తుంది. మార్చి 4న లార్డ్స్ 256-153 ఓట్లతో సవరణను ఆమోదించింది. ఏప్రిల్‌లో కామన్స్ దాన్ని కొట్టివేసింది. ఏప్రిల్ 22న లార్డ్స్ 181-168తో మళ్లీ పట్టుబట్టింది. మరుసటి రోజు ప్రభుత్వం దిగివచ్చింది. చట్టంలో ‘ఇవ్వవచ్చు’ అన్న మాట ‘ఇచ్చి తీరాలి’ అయింది.

ప్రజాస్వామ్యవాదులకు ఇక్కడే గొంతులో ముద్ద దిగదు. ప్రజలు ఎన్నుకున్న సభ కాదన్నది. ఎన్నుకోని సభ ఔనన్నది. కారణం వెతకడం కష్టమేమీ కాదు. కామన్స్ సభ్యుడికి నియోజకవర్గం ఉంటుంది. ఆ నియోజకవర్గంలో దేవాలయాల కమిటీలు, సంఘాలు, విరాళాలు, ఒక్క పిలుపుతో కదిలే ఓట్లు ఉంటాయి. హిందూ సంఘాల సమాఖ్యలు ఈ సవరణను తీవ్రంగా ప్రతిఘటించాయి. కులం వలస పాలకులు గట్టిపరచిన విభజన అని, దాన్ని చట్టంలో రాస్తే బ్రిటన్‌లో మరుగునపడుతున్నదాన్ని తిరిగి తవ్వినట్టేనని వాదించాయి. వలస జనగణన కులాలను గట్టిపరచిందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ గాయానికి పేరు పెట్టడం వల్ల గాయం పుట్టదు కదా! ఆ సంఘాల్లో దళితుల గొంతు ఎంత, వారి ఓట్లు ఎన్ని నియోజకవర్గాల్లో ఫలితాన్ని మారుస్తాయి? అంకెల్లో తక్కువ, డబ్బులో తక్కువ, చెల్లాచెదురుగా ఉన్నవారికి ఓట్ల లెక్క అన్నివేళలా అనుకూలం కాదని అంబేడ్కర్ జీవితాంతం చెబుతూ వచ్చారు. నియోజకవర్గమే లేని ఏవ్‌బరీకి ఆ లెక్కల బెడద లేదు.

అంతమాత్రాన ఆ ఆసనానికే ఏదో నైతిక మహిమ ఉందనుకుంటే చరిత్ర నవ్వుతుంది. 1893లో ఐర్లండ్ స్వపరిపాలన బిల్లును తొక్కేసింది ఈ ప్రభువుల సభే. 1920 జులైలో, జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్‌కు అన్యాయం జరిగిందన్న తీర్మానాన్ని 129-86 ఓట్లతో నెగ్గించిందీ ఈ సభే. ఆ నాటికి సభలో ఒక భారతీయ వంశపారంపర్య ప్రభువు కూడా ఉన్నారు. ఆయన సత్యేంద్ర ప్రసన్న సిన్హా, 1919లో ఆ హోదా పొందిన తొలి భారతీయుడు. నియోజకవర్గం లేకపోవడం వల్ల వచ్చే స్వేచ్ఛ డయ్యర్‌ను మోయడానికీ పనికొస్తుంది, దళితుల సవరణను మోయడానికీ పనికొస్తుంది. 2013లో అది ఇటు మొగ్గడానికి కారణం సభ నిర్మాణంలో లేదు. బయట నుంచి వచ్చిన ఉద్యమంలోనూ, ఏవ్‌బరీ, హారీస్ వంటి కొద్దిమంది పట్టుదలలోనూ ఉంది. పైగా ఆ రోజు ఓటు వేసినవారిలో అత్యధికులు వంశం వల్ల వచ్చినవారు కారు. జీవితకాల నియామకం పొందినవారు.

ఆ సభ ఇచ్చిన ‘తీరాలి’ ఏమైందో చూస్తే దాని బలం ఎంతో తెలుస్తుంది. 2015 వేసవికల్లా ఉత్తర్వు ముసాయిదా పార్లమెంటు ముందు పెడతామని ప్రభుత్వం కాలపట్టిక ప్రకటించింది. వేసవి వచ్చింది, వెళ్లింది. ఉత్తర్వు రాలేదు. ఈలోగా న్యాయస్థానాల్లో వేరే కథ నడిచింది. బీహార్ నుంచి ఇంటి పనికి తీసుకువెళ్లిన ఒక ఆదివాసీ మహిళ తన యజమానుల మీద కేసు వేసింది. రోజుకు 18 గంటలు, వారంలో ఏడు రోజులు, నాలుగున్నరేళ్లు ఆమె చేసిన చాకిరీకి గంటకు ముట్టింది 11 పెన్నీలు. కులం చట్టంలో లేదు కనుక ఆ భాగాన్ని కొట్టివేయాలని యజమానులు వాదించారు. 2014 డిసెంబరులో ఉద్యోగ అప్పీళ్ల ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. కొన్ని సందర్భాల్లో కులం ‘తెగ మూలం’ అన్న మాట కిందికి రావచ్చు అన్నది. 2015 సెప్టెంబరులో కనీస వేతనం చెల్లించనందుకు ఆమెకు 1,83,774 పౌండ్లు ఇవ్వాలని ట్రైబ్యునల్ ఆదేశించింది.

ఈ విజయమే తరవాత ప్రభుత్వానికి సాకు అయింది. 2017లో ఆరు నెలల పాటు ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. 16 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. 2018 జులై 23న ప్రభుత్వం తన నిర్ణయం చెప్పింది. న్యాయస్థానాల తీర్పులే చాలు, ప్రత్యేక ఉత్తర్వు అవసరం లేదు, తగిన సమయం చూసి 2013 నాటి ఆ విధిని రద్దు చేస్తాం అని. క్యారవాన్ సైట్స్ చట్టానికి పట్టిన గతి ఇక్కడ పునరావృతమైంది. తేడా ఒక్కటే. ఈసారి రద్దు చేసే శ్రమ కూడా తీసుకోలేదు. ఆ ప్రకటన తరవాత ఏళ్లు గడిచినా ‘ఇచ్చి తీరాలి’ అన్న వాక్యం చట్టపుస్తకంలో అలాగే ఉంది. ఇచ్చినవారు లేరు, తీసేసినవారు లేరు.

తీర్పులు చాలవా అని అడిగే విద్యార్థి మిత్రులుంటారు. చాలవు. ట్రైబ్యునల్ చెప్పింది ‘రావచ్చు’ అని మాత్రమే. అంటే ప్రతి బాధితుడూ ముందుగా తన కులం ఒక తెగ మూలం లాంటిదేనని రుజువు చేసుకోవాలి, ఆ తరవాతే అవమానం గురించి మాట్లాడాలి. ఆదివాసీ మహిళ విషయంలో అది కొంత సులువు. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా వేల సంఖ్యలో బ్రిటన్‌కు చదువులకు వెళ్తున్న పిల్లల సంగతి ఊహించండి. ఒక మాల విద్యార్థికి తోటి తెలుగువాళ్లు అద్దె గదిలో చోటు నిరాకరించారనుకుందాం. లేదా తెలుగు యజమాని నడిపే హోటల్లో ఒక మాదిగ అమ్మాయిని వంటగదిలోకి రానివ్వలేదనుకుందాం. ఇరుపక్షాలదీ ఒకే భాష, ఒకే మతం, బహుశా ఒకే మండలం. ఎవరూ కులం పేరు పలకరు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఎటువైపు అని అడుగుతారు, ‘మీరేమిట్లు?’ అని అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ మర్యాదగా వినిపించేవే. వీటిలో ఏది వేటు, ఏది పలకరింపు అన్నది మాంచెస్టర్‌లో కూర్చున్న న్యాయమూర్తికి ఎలా తెలియాలి? చట్టం కులం అనే మాటను పేరు పెట్టి చెబితేనే ఆ న్యాయమూర్తి ఆ ప్రశ్నల లోపలికి చూడగలుగుతాడు. ఏవ్‌బరీ 2010లోనే కోరింది ఆ ఒక్క మాటను. అమెరికాలోనూ ఇదే వాదం నడిచింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ తన రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లును వెనక్కి పంపారు. ఉన్న చట్టాలే చాలునన్నది అక్కడ కూడా చెప్పిన కారణం.

ఈ కథలో భారత ప్రభుత్వానికీ ఒక పాత్ర ఉంది, గర్వించదగినది కాదు. జాతి వివక్షపై 1965 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో ‘సంతతి’ అనే మాట చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే. ఆ మాటలో కులం కూడా ఉందని ఐక్యరాజ్య సమితి కమిటీ 2002లో స్పష్టం చేసింది. అంతకు ఏడాది ముందు డర్బన్ మహాసభలో కులాన్ని చర్చకు రానివ్వకుండా అడ్డుపడిందీ మన ప్రభుత్వమే. ఢిల్లీ తన ఇంటి గుట్టు అని దాచిన విషయాన్ని వెస్ట్‌మినిస్టర్‌లో ఒక బ్యారన్ సభా వివరాల్లోకి ఎక్కించవలసి రావడం మనకే చిన్నతనం.

మన రాజ్యాంగ నిర్మాతలు మాత్రం పుట్టుకకున్న రెండు ముఖాలనూ ఒకేచోట పట్టుకున్నారు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ వెంటనే వచ్చే 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. రాజ్యాంగ ప్రతిలో అవి పక్కపక్కనే ఉంటాయి. ఒకటి జన్మతో అంటే మచ్చను, మరొకటి జన్మతో వచ్చే మెరుపును తుడిచే ప్రయత్నం. ఈ రెండింటినీ కలిపి చదివేవారికి లార్డ్ ఏవ్‌బరీ ఆసనం సమర్థనీయం కాదు, అందులో కూర్చుని ఆయన చేసిన వాదన మాత్రం సమర్థనీయం. రెండు మాటలూ ఒకే మనిషి గురించి అనడంలో నాకు వైరుధ్యమేమీ కనిపించదు. ఆయన పార్టీ కూడా ఎన్నికైన ఎగువ సభనే కోరుతూ వచ్చింది.

2024 జులై 5న బ్రిటన్‌లో లేబర్ పార్టీ మళ్లీ అధికారంలోకి వచ్చింది. సరిగ్గా రెండు నెలలకు, సెప్టెంబరు 5న, మిగిలిన వంశపారంపర్య ఆసనాలను రద్దు చేసే బిల్లును కామన్స్‌లో ప్రవేశపెట్టింది. కులంపై ఉత్తర్వు మాత్రం ఆ ఏటి రాజు ప్రసంగంలో చదివిన శాసనాల జాబితాలో లేదు. 2013 ఏప్రిల్‌లో, ప్రతిపక్షంలో ఉండగా, ‘ఇచ్చి తీరాలి’ అన్న మాటకు లార్డ్స్‌లో ఓటు వేసిన పార్టీ అదే.